పొరబాటు కాదండీ, తప్పు

మా బార్ అసోసియేషన్‌లో ఒక పద్ధతి ఉంది. వకీలు పోయినా, జడ్జీగారు పోయినా అందరం హాల్లో చేరి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాం. మాట్లాడటం మీద బతికే జాతి కనుక ఆ రెండు నిమిషాలూ మాకు మహా కష్టం. ఎవరో ఒకరి ఫోను మోగుతుంది, ఎవరికో ఒకరికి దగ్గు వస్తుంది. మొన్న మాత్రం ఎవరూ దగ్గలేదు. ఆ రోజు మేం నిలబడింది వకీలు కోసమూ కాదు, జడ్జీ కోసమూ కాదు. మా ఊరి సర్కారు ఆసుపత్రిలో పనిచేసిన ఒక పళ్ల డాక్టరమ్మ కోసం.

తీర్మానం పెట్టబోతూ మా కార్యదర్శి కాస్త నీళ్లు నమిలాడు. "బయటివాళ్లకి సంతాపం పెట్టే ఆనవాయితీ మనకి లేదు గదండీ" అన్నాడు.

వెనక బెంచీలోంచి ఒక పెద్ద వకీలు లేచాడు. "బయటిమనిషి ఏందయ్యా? మనం తిరిగే కోర్టు హాల్లో మనకంటే ఎక్కువ తిట్లు తిన్నది ఆవిడ. అదీ మన చేత!"

కార్యదర్శి తీర్మానం చదివాడు. ఇన్నేళ్లూ ఆవిడను సాక్షి బోనులో నిలబెట్టినవాళ్లం మేం. ఆ ఒక్కరోజు ఆవిడ కోసం మేం నిలబడ్డాం.

పేరు రాయను. రాసినా మా ఊళ్లో చాలామందికి అది ఎవరిదో తెలియదు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆవిడ పళ్ల డాక్టరమ్మే. కోర్టు కాగితాల్లో మాత్రం పేరుండేది. అక్కడ కూడా మేం ఆవిడను సాక్షి నంబరుతోనే పిలిచేవాళ్లం.

పళ్ల డాక్టరుకీ కోర్టుకీ ఏమి సంబంధమని పై ఊళ్లవాళ్లు అడుగుతారు. మా పల్నాటివాళ్లు అడగరు. చెంప వాచేలా కొట్టినా చట్టం దృష్టిలో అది చిన్న గాయం. స్టేషన్లోనే జామీను దొరుకుతుంది, పెద్దమనుషులు కూర్చుంటే రాజీ కుదురుతుంది. అదే దెబ్బకి ఒక పన్ను విరిగినా ఊడినా అది తీవ్ర గాయం. కేసు బరువే మారిపోతుంది. ఈమధ్య కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. పాతవి మరవలేక, కొత్తవి గుర్తుండక మాలాంటివాళ్లం అవస్థ పడుతున్నాం గానీ, పన్ను మాత్రం ఉన్న చోటు నుంచి కదల్లేదు.

అందుకే మావైపు చేలగట్టు మీద కలబడి కిందపడ్డ మనిషి, లేచి దుమ్ము దులుపుకునే ముందు, నాలుకతో నోరంతా ఒకసారి తడుముకుంటాడు. ఒక్కటి ఊగినా ప్రాణం లేచొస్తుంది. ముందే ఊగుతున్నది ఉంటే, స్టేషనుకు పోయే దారిలో దానికి కొంచెం సాయం చేసే ధీరులూ ఉన్నారు. ఎవరు ఎలా వచ్చినా చివరికి అందరూ నోరు తెరవాల్సింది ఆవిడ ముందే. ఈ పన్ను దెబ్బవల్ల పోయిందా, దానంతట అది పోయిందా అని ఆవిడ రాసే ఒక్క వాక్యం మీద ఒక మనిషి ఆ రాత్రి ఇంట్లో పడుకుంటాడో జైల్లో పడుకుంటాడో ఆధారపడి ఉండేది. ఆవిడ మాట చెల్లడమా చెల్లకపోవడమా అన్నది మా కోర్టులో ఆవిడ ఒక్కదాని పరువుకి సంబంధించిన విషయం కాదు.

ఇంతా చేసి, ఆసుపత్రి గేటు దాటితే ఆవిడ ఎవరి నోటివంకా చూసేవారు కాదు. బజార్లో, బస్టాండులో, పెళ్లిలో ఎక్కడ పలకరించినా మాట్లాడుతున్నంతసేపూ చూపు మన నుదుటి మీదే. మొదటిసారి కలిసినప్పుడు మా ఆవిడ బొట్టు చెదిరిందేమోనని ఇంటికొచ్చి అద్దం చూసుకుంది. నేనైతే నా తలరాత చదువుతున్నారని భయపడ్డాను. కొంత చనువు పెరిగాక ఉండబట్టలేక అడిగేశాను.

"కుర్చీలో కూర్చున్నప్పుడు చూస్తున్నా గదండీ" అన్నారు. "మన నీళ్లకి ఇక్కడ సగం ఊళ్లలో పళ్లు గారపట్టి ఉంటాయి. ఆడపిల్లలు నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పళ్ల డాక్టరు చూస్తోందని తెలిస్తే ఆ కాస్త నవ్వు కూడా మానేస్తారు. బజార్లో అయినా నవ్వుకోనివ్వండి."

ఆ తర్వాత గమనించాను. ఆవిడ ఎదురుపడినప్పుడు మా వీధి ఆడవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వేవారు.

ఆసుపత్రిలో మాత్రం ఆవిడ రాజ్యం వేరు. మాచర్ల బస్సు దిగీ దిగగానే దవడ పట్టుకుని వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోకముందే "పీకెయ్యమ్మా" అనేవాళ్లు. "ఎందుకు పీకాలి? ఉంచుకోవచ్చు ఇది" అని ఆవిడ అంటే, "ఇంత దూరం వచ్చింది ఉంచుకోటానికా?" అని వాళ్లు. గంటసేపు వాదన. మా కోర్టులో కూడా ఒక ఆస్తి నిలబెట్టడానికి అంత వాదన జరగడం నేను చూడలేదు. చివరికి తీయక తప్పదని తేలినా, చికిత్సకు ముందు ఒక తంతు ఉండేది. రోగి తన వేలు తన నోట్లో పెట్టి ఏ పన్నో చూపించాలి. "మీరు వేలు పెట్టి చూపిస్తేగానీ నేను చెయ్యి పెట్టను" అనేవారు. ఎక్స్‌రే చేతిలో ఉన్నా, పుచ్చు కంటికి కనబడుతున్నా సరే, వేలు పడాల్సిందే.

ఇంకొకటుంది. పెద్దవాళ్ల ఫోన్లు. సర్టిఫికెట్ కొంచెం గట్టిగా రాయమనో, కొంచెం మెత్తగా రాయమనో ఎవరో ఒకరు చేస్తూనే ఉండేవారు. ఆవిడ కసురుకునేవారు కాదు, కోప్పడేవారు కాదు. ఫోను స్పీకరులో పెట్టి పరికరాల పళ్లెంలో ఉంచి, "చెప్పండి, పని చేసుకుంటూ వింటా. ఇక్కడ పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నారు. బయట బెంచీ మీద ఇంకో పది మంది ఉన్నారు. మీరు చెప్పేది అందరికీ వినపడుతుంది, నిదానంగా చెప్పండి" అనేవారు. అవతలి గొంతు ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేసేది. అలా ఆవిడ ఆరోగ్యం గురించి వాకబు చేసిన ప్రముఖులు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

నేను ప్రభుత్వానికి కట్టే పన్ను పెద్దగా ఏమీ లేదు. అందుకేనేమో, ఒకరోజు ప్రభుత్వాసుపత్రికి ఒక పన్ను ఇచ్చి రావలసి వచ్చింది. ఆవిడ నా పుచ్చు దవడపన్ను తీసి, దూది పెట్టి, "అరగంట నోరు తెరవొద్దు" అన్నారు. వకీలుకి అంతకంటే పెద్ద శిక్ష మా చట్టంలో లేదు. దూది కొరుకుతూ పక్క బెంచీ మీద కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు ఒక రైతు. వెంట భార్య, ఒక కానిస్టేబులు. చేతిలో మడిచిన కాగితం పొట్లం.

"మా పక్క చేనువాడు నా పన్ను రాలగొట్టాడమ్మా. ఇదిగో, తెచ్చా."

ఆవిడ పొట్లం అందుకోలేదు. ముందు నోరు చూశారు. నీళ్లతో పుక్కిలింపజేసి, దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూశారు. ఆ తర్వాత పొట్లం విప్పారు. పన్నును అటూ ఇటూ తిప్పారు.

"ఇదెవరిది పెద్దాయనా?"

"నాదేనమ్మా."

"మీకు పోయింది కింది వరసలో ముందు పన్ను. దానికి ఒకటే వేరు ఉంటుంది. ఇది పైదవడది. మూడు వేళ్లున్నాయి, చూడండి."

రైతు కాస్త ఆలోచించాడు. "దెబ్బ అట్టాంటిదమ్మా. పైది కిందికి దిగిందేమో."

కానిస్టేబులు గోడవైపు తిరిగిపోయాడు. నా దూది జారబోయింది.

"చెప్పెయ్యరాదా!" అంది భార్య. "అది మా అమ్మదమ్మా. ఆమధ్య ఊడితే గూట్లో పెట్టింది. ఈయనది మిరపచేలో ఎక్కడో పడిపోయింది. చానాసేపు వెతికాం, దొరకలా. పన్ను చూపిచ్చకపోతే కేసు నిలబడదని ఎవరో చెబితేనూ..."

"నువ్వు నోరు ముయ్యవే!"

"మీరు తెరవండి" అన్నారు డాక్టరమ్మ, మళ్లీ దీపం లాగి.

ఆవిడ రాసింది ఏదైనా రాసిన వెంటనే తెలుగులో చదివి వినిపించేవారు. అతనికీ వినిపించారు. ఇతనికి కింది ముందు పన్ను ఈరోజే పోయింది. ఇతను తెచ్చిన పన్ను ఇతనిది కాదు.

రైతు చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "ఆ రెండోది ఎందుకు తల్లీ? మొదటిది రాశారు గదా, అది చాలు."

"రెండోది ఉంటేనే పెద్దాయనా మొదటిది నమ్ముతారు."

ఆ మాట నాకు అప్పట్లో పూర్తిగా ఎక్కలేదు. దవడ మొద్దుబారి ఉంది. బుర్ర ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.

ఎక్కడానికి ఇంకో కేసు పట్టింది. మా ఊరికి దగ్గర్లోనే ఒక పల్లెలో ఒక కుర్రాడు రైల్వే పరీక్ష రాసి ఉద్యోగం సంపాదించుకున్నాడు. చేరేముందు పోలీసు విచారణ ఉంటుంది. సరిగ్గా ఈలోపల బోరు మోటారు దగ్గర వంతుల గొడవ. తన వంతు కాకపోయినా పక్క పొలం పెద్దమనిషి మోటారు వేసుకున్నాడని కుర్రాడు, వేసుకుంటే మాత్రం మీద పడి కొడతాడా అని ఆయన. ఇద్దరూ దూరపు చుట్టాలే. కుర్రాడు ఆయన్ను బాబాయ్ అని పిలుస్తాడు. కిందపడ్డ బాబాయ్ లేచేసరికి కింది ముందు పన్ను ఒకటి లేదు.

ఆరోజు ఆసుపత్రికి రెండు పక్షాలవాళ్లూ ఆటోలు కట్టుకుని వచ్చేశారు. వరండా అంతా అరుపులు. డాక్టరమ్మ ఆయన్ను పరీక్షించి, పన్ను అప్పుడే పోయిందనీ, దెబ్బవల్లే పోయిందనీ, గాయం తీవ్రమైనదనీ రాసిచ్చారు. దాంతో కుర్రాడి మీద పెద్ద కేసు పడింది. ఉద్యోగం గాల్లో వేలాడింది. నేను వాడి వకీల్ని.

వాడి తల్లి మా ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చోనంది. నిలబడే చెప్పింది.

"మావోడు నెట్టాడు సార్, కాదనను. కొట్టలా. ఆయన పళ్ల సంగతి మా ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్తారు. జామకాయ తినాలంటే కత్తితో కోసుకునే మనిషి. అన్నీ ఊగులాడతయ్."

"ఊళ్లో చెప్పడం కాదమ్మా. కోర్టులో ఎవరు చెబుతారు?"

"జామకాయ వచ్చి చెప్పదు గదా సార్. మీరే ఎట్టోగట్టా చెప్పించాలి."

ఎట్టోగట్టా అంటే ఒక్కటే దారి. డాక్టరమ్మను క్రాసు ప్రశ్నల్లో ఇరికించాలి. ఆవిడ మీద నాకు గౌరవముంది. అయితే క్రాసుకి లేచేటప్పుడు గౌరవాన్ని నల్లకోటు లోపలి జేబులో పెట్టుకుంటాం మేం. పళ్ల డాక్టరు చదువుతున్న మా చుట్టాలమ్మాయి దగ్గర లావుపాటి పుస్తకం ఒకటి అరువు తెచ్చాను. చిగుళ్లు, పంటి వేళ్లు, ఎముక, వాటి రోగాలు అన్నీ బట్టీపట్టాను. రోజూ పొద్దున్నే మా ఆవిడను సాక్షిని చేసి రిహార్సలు.

"పన్ను ఎముకలో దేని సాయంతో నిలబడి ఉంటుందో కోర్టువారికి చెప్పండి" అన్నాను ఒకరోజు, వేలు చూపిస్తూ.

"చెత్తబండి వచ్చింది. ఆ బకెట్టు బయట పెట్టి రండి" అంది సాక్షి.

విచారణ రోజు వచ్చింది. ఆవిడ బోనెక్కారు. ఎప్పుడు బోనెక్కినా ఆవిడ చేతులు రెండూ కొంచెం పైకెత్తి, దేనికీ తగలకుండా నిలబడేవారు, అప్పుడే కడుక్కుని పనిలోకి దిగబోతున్నట్టు. ప్రమాణం చేశారు. ప్రభుత్వం తరఫు వకీలు మామూలు ప్రశ్న వేశాడు.

"ఈ సర్టిఫికెట్ మీరిచ్చిందేనా?"

"నేనిచ్చిందేనండి. అందులో ఒక మాట తీసెయ్యాలి."

ఆయన తల ఎత్తాడు. "అడిగినదానికి జవాబు చెప్పండి మేడమ్, చాలు."

"చెప్పనివ్వండి" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"పన్ను అప్పుడే పోయిందని రాశాను. అది నిజం. దెబ్బవల్లే పోయిందని కూడా రాశాను. అలా రాయాలంటే పక్క పళ్లు పట్టుకుని చూడాలి. అవి గట్టిగా ఉంటే దెబ్బ. అవీ ఊగుతుంటే, దెబ్బే అని చెప్పడానికి లేదు. చేత్తో లాగినా వస్తుంది, తుమ్మినా వస్తుంది. ఆరోజు నేను పక్క పళ్లు చూడలేదు."

ప్రభుత్వం వకీలు మొహం ఎర్రబడింది. పాపం, ఆయన సాక్షి ఆయన చేతుల్లోంచే జారిపోతోంది. ఆయన గొంతు మారింది.

"ముద్దాయి తరఫువాళ్లు మిమ్మల్ని ఎప్పుడు కలిశారు మేడమ్?"

ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో హాల్లో అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. చేతులు మాత్రం కిందికి దిగలేదు.

"ముద్దాయి తరఫువాళ్లు కలవలేదండి. ఫిర్యాదు చేసినాయనే కలిశాడు. ఇంకో పన్ను నొప్పెడితే పోయిన నెల నా దగ్గరకే వచ్చాడు. అప్పుడు చూశాను, కింది వరసంతా వదులే. చాన్నాళ్లుగా ఉన్న జబ్బు. ఆయన నోటి సంగతి ఆయన ఒప్పుకోకుండా నేను బయట చెప్పకూడదు. కోర్టులో చెప్పాల్సి వస్తుందని ఆయన్ని అడిగాను."

అందరూ వెనక్కి తిరిగారు. బాబాయ్ గోడవారన బెంచీ మీద ఉన్నాడు. తనను పిలిచారనుకుని లేచాడు.

"అడిగిందండయ్యా. చెప్పుకోండమ్మా, నా పళ్లు ఊగుతున్నయ్యని ఊరంతా తెలుసు, మీకొక్కదానికే తెలీదన్నా."

"మీరు కూర్చోండి" అన్నారు మేజిస్ట్రేటు గారు, నవ్వు ఆపుకుంటూ. అప్పటికే కోర్టువారికి ఆవిడ మీద జాలి కలిగినట్టుంది. టైపు చేసే అతనికి మెత్తగా చెప్పబోయారు. "రాయండి... పరీక్ష చేసే సందర్భంలో పొరబాటు జరిగినట్లు సాక్షి..."

"పొరబాటు కాదండీ, తప్పు" అన్నారు ఆవిడ. "చెయ్యి జారితే పొరబాటు. నేను చూడకుండా రాశాను. తప్పనే రాయించండి."

మేజిస్ట్రేటు గారు ఒక క్షణం ఆవిడ వంక చూసి, తప్పు అనే రాయించారు. తర్వాత నా వైపు తిరిగి, "క్రాస్ ఉందా?" అన్నారు.

లేచాను. నా ముందు బట్టీపట్టిన చిగుళ్లు, వేళ్లు, ఎముకలు గుట్టగా ఉన్నాయి. నేను కష్టపడి రాబట్టాలనుకున్నదంతా ఆవిడ ఒక్క ఊపిరిలో చెప్పేశారు. "లేదండి" అని కూర్చున్నాను.

తీవ్ర గాయం కేసు నిలబడలేదు. మిగిలిన చిన్న కేసును బాబాయ్, అబ్బాయి రాజీ చేసుకున్నారు. కుర్రాడు ఇప్పుడు రైల్వేలో ఉన్నాడు. వాడి తల్లి మిఠాయి డబ్బా తెచ్చి, "అంతా మీ వాదన సార్" అంది. "నేను వాదించనే లేదమ్మా" అన్నాను. అది నా వినయమనుకుని ఇంకో డబ్బా పంపించింది. బాబాయ్ చివరిదాకా పళ్లకి ఆవిడ దగ్గరకే వెళ్లాడు. కట్టుడు పళ్లు ఆవిడ చేతే కట్టించుకున్నాడు.

ఆవిడకి మాత్రం మిఠాయి రాలేదు. పైనుంచి సంజాయిషీ అడిగారు. తోటి డాక్టర్లు, "ఎవరూ పట్టుకోని తప్పుని పనిగట్టుకుని చెప్పుకోవడమేంటి మేడమ్" అని నొచ్చుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది మేమే. ఆ ఒక్క ఒప్పుకోలు మా బార్‌కి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. అప్పటినుంచి ఆవిడ ఏ కేసులో బోనెక్కినా, వేరే ప్రశ్న తోచని ప్రతి వకీలూ గొంతు సవరించుకుని అదే అడిగేవాడు. గతంలో తప్పు సర్టిఫికెట్ ఇచ్చింది మీరే కదా? "నేనేనండి" అనేవారు ఆవిడ. మీసాలు సరిగా రాని జూనియర్లు కూడా ఆ ఒక్క ప్రశ్నతో క్రాసు నేర్చుకున్నారు. ఎన్నిసార్లు అడిగినా ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ఒకసారి కోర్టు వరండాలో ఎదురుపడితే నాకే మొహం చెల్లక, "మావాళ్లు మానరు మేడమ్, ఏమీ అనుకోకండి" అన్నాను.

"మానొద్దని చెప్పండి ప్లీడరు గారూ" అన్నారు. "అడిగినప్పుడల్లా, మళ్లీ వెళ్లి పక్క పళ్లు చూస్తా."

అనడం వరకే కాదు. ఆవిడ దగ్గర శిక్షణకి వచ్చే పిల్లడాక్టర్లకి మొదటి రోజే ఆ కేసు చెప్పేవారట. వేరే డాక్టరెవరో చేసినట్టు కాదు, నేను చేశాను అని.

నా వంతు కూడా వచ్చింది. మిరపకాయలు కోసే ఒక కూలీ మనిషి ఎండకి తాళలేక కాసేపు నీడన కూర్చుందని ఒక ఆసామి చేతిలోని స్టీలు చెంబుతో మూతి మీద కొట్టాడు. పెదవి చీలింది. పైన ముందు పళ్లు రెండు విరిగిపోయాయి. కళ్లారా చూసిన తోటి కూలీలు కోర్టుకొచ్చేసరికి ఒక్కొక్కరే, "మేం అవతల సాల్లో ఉన్నాం, చూడలా" అన్నారు. ఆమె తానే కాలు జారి చెంబు మీద పడిందని ఆసామి వాదన. ఆమె పక్షాన ఇక మిగిలింది ఆమె మాట, డాక్టరమ్మ మాట. డాక్టరమ్మ మాట చెల్లకపోతే ఆమె మాట ఒక్కటే మిగులుతుంది. ఆసామి మాట పక్కన ఆమె మాట ఎంత బరువు తూగుతుందో ఆమెకు కూడా తెలుసు. వెనక బెంచీలో మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది.

ఆసామి వకీల్ని నేను.

"ఆ డాక్టరమ్మ పాత తప్పు ఒకటుందంట గదా సార్" అన్నాడు ఆసామి, కోర్టు మెట్లెక్కుతూ. "దాని మీద కొట్టండి. ఇంకేం అడగొద్దు, అదొక్కటే కొట్టండి."

వకాల్తా తీసుకున్నాక అడక్కపోతే అది నా వృత్తికి తప్పు. ఆవిడ బోనులో నిలబడి, పళ్లు దెబ్బకే విరిగాయనీ, పక్క పళ్లన్నీ రాళ్లలా గట్టిగా ఉన్నాయనీ, కాలు జారి పడితే గడ్డం మీదా ముక్కు మీదా కూడా గీసుకుపోయేదనీ, ఆమెకు అక్కడ ఒక్క గీత కూడా లేదనీ చెప్పారు. నేను లేచాను.

"గతంలో తప్పు సర్టిఫికెట్ ఇచ్చానని ఇదే కోర్టులో ఒప్పుకున్నారు కదా?"

"ఒప్పుకున్నానండి. మీ కేసే అది."

హాల్లో నవ్వులు. నేను కూడా నవ్వి, గొంతు గట్టి చేసుకున్నాను.

"అలాంటప్పుడు ఈ సర్టిఫికెట్‌లో తప్పు లేదని కోర్టువారు ఎలా నమ్మాలి?"

అంతకుముందు పాత తప్పు గురించి అడిగినవాళ్లెవరూ అంతదాకా పోలేదు. "నేనేనండి" అన్న జవాబు రాగానే విజయగర్వంతో కూర్చునేవాళ్లు. నేను ఒక్క అడుగు ముందుకేశాను. ఆవిడ ఈసారి నా నుదుటి వంక కాదు, తిన్నగా నా కళ్లలోకి చూశారు.

"ఆరోజు నా తప్పు ఎవరూ కనిపెట్టలేదు ప్లీడరు గారూ. నేనే చెప్పాను. ఇందులో కూడా ఉంటే, మీరు అడిగేదాకా ఆగేదాన్ని కాదు."

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. ఈయన పాతాయన కాదు, కొత్తగా వచ్చినాయన. టైపు అతనితో, "ఉన్నదున్నట్టు రాయండి. ఒక్క మాట మార్చొద్దు" అన్నారు.

నేను కూర్చున్నాను.

ఆసామికి శిక్ష పడింది. తీర్పులో ఆవిడ జవాబు ఒక్క అక్షరం పోకుండా వచ్చింది, దాని కింద ఈ సాక్షిని నమ్మకుండా ఉండటానికి కోర్టుకు కారణమేమీ కనబడలేదని ఉంది. ఆ తర్వాత మా కోర్టులో ఆవిడను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కూలీ మనిషి తీర్పు వినగానే పక్కనున్న కానిస్టేబుల్ని, "ఏమన్నారయ్యా? నా మాట నమ్మారా?" అని రెండుమూడు సార్లు అడిగింది. నమ్మారమ్మా అని అతను చెప్పేదాకా కొంగు తియ్యలేదు.

అప్పీలు చేసుకోవచ్చని చెబుదామని ఆసామి దగ్గరికి వెళ్లాను. పళ్లు కొరుకుతూ నిలబడి ఉన్నాడు.

"ఏంది సార్ ఇది?" అన్నాడు. "నా దగ్గర ఫీజు తీసుకుని, ఆ డాక్టరమ్మకి సర్టిఫికెట్ ఇప్పిచ్చారు!"

అప్పీలుకి వేరే వకీల్ని చూసుకుంటానని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు. తిట్టడానికే అన్నాడు ఆ మాట. నా ఇన్నేళ్ల ప్రాక్టీసులో నన్ను ఎవరూ అంత బాగా మెచ్చుకోలేదు.